ఇనుప గోరు

భద్రాచలం,
17 నవంబర్ 2024, ఆదివారం

అక్కా,

ఆదివారం ఫోను వరుసలో నా వంతు వచ్చేసరికి మా వార్డెన్ మేడమ్ "జల్దీ కానియ్యి, ఎన్కమాల ఇంకా చానామంది ఉన్నరు" అంటుంది. ఈసారి చెప్పాల్సిన సంగతి ఆ రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వూ, బావా, చంటిదీ బాగున్నారు కదా?

మా గురుకులంలో కొత్తగా ఒక శిబిరం పెట్టారు. "చేసి చూద్దాం" అని పేరు. శని, ఆదివారాల్లో హైస్కూలు పిల్లలకు ఇంజనీరింగ్ నేర్పుతారు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఆకురాయి, పట్టకారు, డ్రిల్లు మిషను, అంతే. నేర్పేది వెంకటనారాయణ సార్. ఐటీఐలో చేసి రిటైరయ్యాడు. ముగ్గురేసి పిల్లలం ఒక జట్టు. నాతో హేమ్లి, సైమా ఉన్నారు. హేమ్లిది తండా. ఏ వస్తువు చేతికిచ్చినా దాన్ని తిరగేసి అడుగు చూస్తుంది. సైమా వాళ్ల నాన్న ఫజల్ గారిది ఇక్కడే బస్టాండు దగ్గర వెల్డింగ్ షాపు.

మొదటి రోజే సార్ మా ముందు ఒక పాడైన టేబుల్ ఫ్యాను పెట్టి, "ఇప్పుండ్రి. మళ్ల బిగించుండ్రి. తిరగాలె" అని చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు. విప్పాం. తుడిచాం. బిగించాం. చివరికి ఒక స్క్రూ మిగిలిపోయింది కానీ ఫ్యాను తిరిగింది అక్కా! సార్ వచ్చి ఆ స్క్రూను అరచేతిలో పెట్టుకుని, "గీయన ఏ ఊరి చుట్టం?" అని అడిగాడు.

ఇప్పుడు ప్రతి జట్టూ తమ ఇళ్లలో ఎవరినైనా కష్టపెడుతున్న పని ఒకటి ఎంచుకుని, దానికో సాధనం తయారు చేయాలి. మార్చిలో ఖమ్మంలో ప్రదర్శన. నేను నీ సంగతి చెప్పాను. దసరాకు నీ దగ్గరికి వచ్చినప్పుడు చూశాను కదా. రోజంతా కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిర్చి తొడిమలు తీసి ఇంటికి వచ్చావు. చంటిది చేతులు చాచుకుని పరిగెత్తుకొస్తే, వేళ్లు దాని ఒంటికి తగలకుండా మోచేతులతో ఎత్తుకున్నావు. అది వినగానే మా వాళ్లు ఇంకో మాట లేకుండా "ఇదే చేద్దాం" అన్నారు.

ఒక సంచీడు ఎండు మిరపకాయలు పంపించు. తేజ రకమే పంపు.

ఫ్యాను తిప్పిన నీ చెల్లెలు,
జ్యోత్స్న

ఎర్రుపాలెం,
26 నవంబర్ 2024

ఏమే జ్యోత్స్నా,

చదువుకోమని పంపితే ఫ్యాన్లు విప్పుతున్నావన్నమాట! వేళ్లు జాగ్రత్త.

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. మధ్యాహ్నం సద్దులు విప్పే వేళ అందరం గుండ్రంగా కూర్చుంటాం. మా ముఠాలో ఉత్తరం వచ్చేది నాకొక్కదానికే. అందుకని అది అందరిదీ అయిపోయింది. ఊరి చుట్టం స్క్రూ దగ్గర కొండమ్మ పెద్దమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. ఆవిడ మా అందరిలోకీ పెద్ద. నేను కొత్తగా పనిలోకి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది.

నాన్న ఫోన్ చేశాడు. పినపాకలో అందరూ బాగున్నారట. అమ్మ నడుంనొప్పి తగ్గింది. నాన్న పత్తి ఏరడానికి పోతున్నాడు. నీ శిబిరం గురించి చెబితే, "ఇంజనీరు అయినట్టేనా ఇగ?" అని అడిగాడు. అవునని చెప్పేశాను.

మిరపకాయలు ఎందుకు అడిగావో అర్థమైంది. హాస్టల్ కూరలు చప్పగా ఉంటాయి కదా. బావ స్నేహితుడి లారీ భద్రాచలం వస్తోంది, సంచీ పంపుతున్నాను. తొడిమలన్నీ నేనే కూర్చుని తీశాను. ఒక్క తొడిమ కనిపించినా నా పేరు ప్రమీల కాదు.

కడుపునిండా తిను.

మీ అక్క

భద్రాచలం,
15 డిసెంబర్ 2024

అక్కా, అక్కా,

నీ సంచీ విప్పి ముగ్గురం పడీ పడీ నవ్వాం. తొడిమలు తీసే మిషను చేయాలంటే తొడిమలు ఉండాలి కదే! నిజంగానే ఒక్కటంటే ఒక్కటి లేదు. సార్ కాయ తర్వాత కాయ తిప్పి చూసి, "మీ అక్క పని గింత నీట్‌గ ఉంటే మన మిషను ఆమెతోని పోటీపడాలె" అన్నాడు. కాయలు మాత్రం వృథా పోలేదులే, వంటగదిలో ఇచ్చాం. మాకు కావాల్సిన తొడిమల కాయలు హేమ్లి వాళ్ల బాబాయి హాతీరాం తన చేలోవి తెచ్చి ఇచ్చాడు.

ఇక అసలు సంగతి. పాత ఫ్యాను మోటారుకు రేకు డ్రమ్ము బిగించాం. లోపల రెండు రబ్బరు రోలర్లు. కాయ దొర్లుకుంటూ వస్తే రోలర్లు తొడిమను పట్టి గుంజేస్తాయి. ఫజల్ గారు వెల్డింగ్ తను చేయకుండా, ముఖానికి ముసుగు పెట్టించి సైమాతోనే చేయించాడు. నిప్పురవ్వలు లేస్తుంటే అది బెదరలేదు. నేనైతే గుమ్మం అవతల నిలబడి చూశాను.

సార్ ఏమన్నాడో తెలుసా? "గిది కుదిరిందంటే పదిమంది ఆడోళ్ల పని ఒక్కటే చేస్తది" అన్నాడు. పదిమంది పని! ఇది షెడ్డులో గట్టిగా చదివి వినిపించు. కొండమ్మ పెద్దమ్మకు ప్రత్యేకంగా చెప్పు.

గాల్లో తేలుతున్న
జ్యోత్స్న

ఎర్రుపాలెం,
24 డిసెంబర్ 2024

జ్యోత్స్నకు,

నువ్వు చెప్పినట్టే గట్టిగా చదివాను. రోలర్ల దాకా అందరూ నవ్వుతూ విన్నారు. పదిమంది పని అన్నచోట ఎవరూ నవ్వలేదు. కొండమ్మ పెద్దమ్మ చేతిలో ముద్ద దించి అడిగింది, "గా పదిమందిల నేనెన్నో దాన్నే ప్రమీలా?"

నేనేం చెప్పాలి?

షెడ్డు యజమాని అక్కడే కుర్చీలో ఉన్నాడు. "మీ చెల్లెలు మిషను ఎప్పుడు దింపుతదమ్మా? కరెంటు లైను ఇంకోటి ఏపిస్త" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ రోజు నుంచి నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. "అక్క తీసుడు, చెల్లె మా నోట్ల మన్ను కొట్టుడు" అని ఒకామె నాకు వినపడేటట్టే అంది.

మిర్చి పని తప్ప ఈ ఊళ్లో ఎండాకాలం దాకా మాకు వేరే పని లేదు. నీకు ఆ సంగతి తెలుసనుకున్నాను.

ఇకమీదట షెడ్డులో చదవమని ఏమీ రాయకు.

ప్రమీల

భద్రాచలం,
5 జనవరి 2025

ప్రమీలక్కకు,

నువ్వు సంతోషించే వార్తే రాస్తున్నాను. మా మిషను పాడైంది.

నిన్న నడిపాం. తొడిమలు రాలేదు, కాయలు పగిలాయి. గింజలు చిమ్మాయి. ఆ ఘాటుకు వర్క్‌షాపంతా దగ్గు, తుమ్ములు. పక్క గదిలో లెక్కల క్లాసు వదిలేసి అందరూ గ్రౌండులోకి పరిగెత్తారు. వాచ్‌మన్ తడిగుడ్డ మూతికి కట్టుకుని వచ్చి స్విచ్చి తీశాడు. ఇప్పుడు స్కూల్లో నన్ను "మిర్చి మేడమ్" అంటున్నారు.

పదిమంది పని అని సార్ మెచ్చుకుంటూ అన్నాడు. నేనూ మెచ్చుకోలుగానే రాశాను. ఆ పదిమందిలో నువ్వుంటావని నాకు తోచలేదు. నేను నీ వేళ్లను మాత్రమే చూశాను అక్కా. వేళ్ల వెనక కూలి ఉంటుందని చూడలేదు. కానీ నువ్వు "చెల్లీ" అని కూడా పిలవకుండా ఉత్తరం రాస్తావా? ఎవరి కోసం చేశాననుకున్నావు?

శిబిరంలోంచి నా పేరు తీసేయమని సార్‌కు చెప్పాను. హేమ్లి నాతో మాట్లాడటం లేదు. సార్ మాత్రం, "పేరు తీసుడు ఎంతసేపు? ముందు మీ అక్క జవాబు రానియ్యి" అన్నాడు. జవాబు రాదని నాకు తెలుసు.

జ్యోత్స్న

ఎర్రుపాలెం,
20 జనవరి 2025

నా చిట్టి చెల్లీ,

చాలా? ఇంకోసారి పిలవనా? చెల్లీ, చెల్లీ, చెల్లీ.

నీ ఉత్తరం చదివి ఇంట్లో ఏడుస్తుంటే బావ భయపడి, ఆటో బేరానికి పోవడం మానేసి పినపాకకు ఫోన్ చేయబోయాడు. ఎవరికేమైందోనని. నేను మానేయమన్నానా? ఎప్పుడన్నాను? నువ్వు మానేస్తే నా మీద ఒట్టే.

ఉత్తరం షెడ్డుకు తీసుకెళ్లాను కానీ చదవకూడదనే అనుకున్నాను. నడుముకు దోపుకున్న కవరు కొండమ్మ పెద్దమ్మ కంటపడింది. నాతో మాట్లాడి అప్పటికి ఎన్నాళ్లయిందో. "ఏం రాసింది పిల్ల?" అంది. చదివాను. వాచ్‌మన్ తడిగుడ్డ దగ్గర వాళ్లు నవ్వాపుకోలేకపోయారు. "నేను నీ వేళ్లను మాత్రమే చూశాను" అన్న దగ్గరికి వచ్చేసరికి కొండమ్మ పెద్దమ్మ తన చేతులు ముందుకు చాపి చూసుకుంది. తర్వాత అంది, "పిల్లని రమ్మను. ఒక పూట మా పక్కన కూసోమను. మంట తగిలితే ఏం చేయాల్నో దానికే తెలుస్తది."

అంతే, తలా ఒక మాట మొదలైంది. ఒకామె గ్లౌజులు కావాలంటుంది. గ్లౌజులేసుకుంటే తొడిమ దొరకదని ఇంకొకామె. మంట తగ్గించే నూనె కావాలంటుంది మరొకామె. నూనె చేతులతో కాయ ముట్టుకుంటే యజమాని ఊరుకుంటాడా అని గొడవ. సద్దులు కట్టేసినా తెగలేదు. ఒక్కదాంట్లో మాత్రం అందరిదీ ఒకటే మాట. మంట పోవాలి, పని పోకూడదు.

నాకు నీ మీద కోపం ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. మా కోసం చేస్తూ మమ్మల్ని ఒక్క మాట అడగలేదు నువ్వు. ఇప్పుడు వచ్చి అడుగు. వచ్చే నెల రెండో శనివారం మీ సార్‌ను, మీ జట్టును తీసుకురా. పాత బట్టలు వేసుకుని రండి.

ఒట్టు గుర్తుపెట్టుకో.

నీ అక్క

భద్రాచలం,
12 ఫిబ్రవరి 2025

అక్కా,

షెడ్డులో ఆ పూట మీ పక్కన కూర్చుని మేం తొడిమలు ఎలా తీశామో నీకు తెలుసు, తర్వాత జరిగింది రాస్తాను.

తిరుగు ప్రయాణంలో ఖమ్మం దాటగానే సైమా మరిచిపోయి కన్ను నలుపుకుంది. ఇక చూడు! కేకలకు డ్రైవరు బస్సు ఆపేశాడు. కండక్టరు సీసాడు నీళ్లు దాని ముఖాన కొట్టాడు. నా వేళ్లు కూడా నిప్పుల్లో పెట్టినట్టున్నాయి. మీరు రోజూ ఎలా ఓర్చుకుంటారు? నేను కిటికీ చువ్వను పట్టుకుంటే ఆ చల్లదనానికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

హేమ్లి నా చెయ్యి లాక్కుని, వేళ్లు తిరగేసి చూసింది. "ఏడ మండుతుందే ఎక్కువ?" అంది. గోటి సందుల్లో అన్నాను. బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండే. ఎడమచేయి కాయను పట్టుకుంటుందంతే, దానికి గుడ్డ గ్లౌజు చాలు. తొడిమను గిల్లేవి ఈ రెండు వేళ్లే. "అయితే గోరు మీద ఇంకో గోరు తొడుగుదం" అంది హేమ్లి. సార్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "మళ్ల చెప్పు బిడ్డా" అన్నాడు.

ఆ మర్నాడే పాత డబ్బా రేకు కత్తిరించాం. మొదటిది కాయను కోసేసింది. రెండోది వేలి మీద నిలవలేదు. తర్వాత ఫజల్ గారి షాపులో పల్చటి స్టీలు రేకు తీసుకుని, అంచును వంచి, ఆకురాయితో నున్నగా రుద్దాం. బొటనవేలి తొడుగుకు గోరులాంటి అంచు, చూపుడువేలి దానికి చిన్న గాడి. తొడిమ గాడిలో కూర్చుంటుంది, అంచు నొక్కితే టప్పున ఊడుతుంది. కాయ పగలదు. మోటారు లేదు, కరెంటు లేదు. మనిషి వేలుంటేనే అది పనిచేస్తుంది.

కానీ ఒకరి వేలికి సరిపోయింది ఇంకొకరికి సరిపోదు. ముఠాలో అందరివీ కొలతలు కావాలి. ఆ రెండు వేళ్లకూ దారం చుట్టి, ముడేసి, పేరు రాసిన కాగితంలో చుట్టి పంపించు.

బొబ్బలెక్కిన చేతులతో,
జ్యోత్స్న

ఎర్రుపాలెం,
10 మార్చి 2025

చెల్లీ,

దారాలు పంపిన రోజు హడావిడిలో నాలుగు ముక్కలు కూడా రాయలేదు. కొలతలు తీస్తుంటే కొండమ్మ పెద్దమ్మ ఏమందో తెలుసా? "నా పెండ్లప్పుడు సుత ఎవ్వరూ ఏలు కొలత అడగలే." ఒకామె మొగుడు, భార్య వేలికి దారం చూసి, ఉంగరం ఎవరు చేయిస్తున్నారని ఇల్లు పీకి పందిరేశాడట.

నువ్వు పంపిన తొడుగులు అందాయి. నిజం చెప్పనా? మొదటి పూట అందరూ తిట్టారు. అలవాటు లేక చేయి సాగలేదు. కొండమ్మ పెద్దమ్మ తీసి గోడకేసి కొట్టింది. నేను తెచ్చి మళ్లీ తొడిగాను. రెండు మూడు రోజులకు వేళ్లకు దారి తెలిసింది. ఆ తర్వాత షెడ్డంతా టప్పు టప్పు టప్పు! మిర్చి రాసి తరిగిపోవడం కళ్ల ముందు కనిపిస్తోంది. సాయంత్రం నేను మామూలు మనిషిలా ఇంటికెళ్లి, పప్పన్నం చేత్తో కలుపుకుని తిన్నాను. బావ పళ్లెం వంక చూస్తూ కూర్చుండిపోయాడు.

సంబరం ఇంకా తీరకముందే యజమాని వచ్చాడు. "పని గింత జల్దీ అయితంటే కిలోకు పాత రేటు ఎందుకియ్యాలె?" అన్నాడు. సగానికి దించుతానంటున్నాడు. అంటే మా వేళ్ల మంట తగ్గిన లాభం ఆయన సంచిలోకి పోవాలన్నమాట.

అందరూ నా వైపు చూశారు. నా చేతులు వాటంతటవే తొడుగులు తీసి కొంగులో కట్టుకున్నాయి. నన్ను చూసి కొండమ్మ పెద్దమ్మ తీసింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీశారు. మళ్లీ ఉత్త వేళ్లతో, పాత తీరుగా, నెమ్మదిగా మొదలుపెట్టాం. మంటకు కళ్ల నీళ్లు వస్తున్నాయి, అయినా ఎవరూ తొడుగు ముట్టుకోవడం లేదు. ఖమ్మం పోవాల్సిన సరుకు షెడ్డులోనే ఉంది. ఎప్పటికి తేలుతుందో తెలియదు.

అందుకే ఇరవై రెండున ప్రదర్శనకు నేను రాలేను. నేను కదిలితే వీళ్లు బెదురుతారు. కొండమ్మ పెద్దమ్మను బావ ఆటోలో పంపుతున్నాను. ఆమె ఖమ్మంలో స్టేజీ ఎక్కడమేమిటని నవ్వకు. పక్కన నిలబెట్టుకో.

నీ వెంటే ఉన్న
అక్క

భద్రాచలం,
23 మార్చి 2025, ఆదివారం

అక్కా!

ఫస్ట్ ప్రైజ్! మాకే! రెండు జిల్లాల మొత్తం మీద! వచ్చే నెల హైదరాబాద్ పోవాలి!

కొండమ్మ పెద్దమ్మ ఈపాటికి తన పద్ధతిలో చెప్పే ఉంటుంది. అందులో సగం నమ్ము. మిగతా సగం ఇదిగో.

హాలు నిండా పెద్ద పెద్ద వస్తువులు. మా పక్క బల్ల మీద లైట్లు వెలిగే రోబో. మా బల్ల మీద ఉన్నవి రెండు చిన్న రేకు ముక్కలు, ఒక బుట్టెడు మిరపకాయలు. చూసేవాళ్లు ఆగకుండా వెళ్లిపోయారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కాలేజీ ప్రొఫెసరు. తొడుగు చేతిలోకి తీసుకుని, "బాగుందమ్మా, కానీ మోటారు పెట్టి ఉంటే మనుషులు తగ్గేవాళ్లు కదా?" అన్నాడు.

నేను చెప్పాను. "మొదట అదే చేశాం సార్. తర్వాత వెళ్లి వాళ్లను అడిగాం. మనుషులు తగ్గకూడదు, మంట తగ్గాలన్నారు. అందుకే ఇది చేశాం."

ఆయన "మంట నిజంగా తగ్గిందని ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. నేను మంట లెక్కలు రాసిన పట్టిక తీయబోయాను. అంతలో పెద్దమ్మ ముందుకొచ్చింది. ఎవరినీ అడగకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. తొడుగులు వేసుకుంది, టప్పు టప్పుమని బుట్ట ఖాళీ చేసింది. లేచి తొడుగులు తీసింది. తీసి, ఆ వేళ్లతోనే తన రెండు కళ్లూ గట్టిగా నలుపుకుంది! హాలంతా "అయ్యో!" అని కేక. సైమా నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తింది. పెద్దమ్మ కళ్లు బార్లా తెరిచి అందరినీ చూసింది. "ఏం కాలే. సూడుండ్రి" అంది.

ఇక చప్పట్లు! రోబో పిల్లలు కూడా కొట్టారు. ప్రొఫెసరు గారు ఆమె చేయి అందుకుని నమస్కారం పెట్టాడు. "ఎవరు తయారు చేశారమ్మా ఇది?" అని పేపరు విలేకరి అడిగితే, మమ్మల్ని ముగ్గురినీ దగ్గరికి లాక్కుని, "మేమే" అంది. నేను అప్పుడు ఏడ్చాను. హేమ్లి కూడా ఏడ్చింది, కానీ ఒప్పుకోవడం లేదు.

ఒక్క నువ్వే లేవు. అక్కడ ఏమైంది? యజమాని ఏమన్నాడు? జల్దీ రాయి.

నీ జ్యోత్స్న

ఎర్రుపాలెం,
23 మార్చి 2025

నా బంగారు చెల్లీ,

మీరు గెలిచారని నిన్న చీకటి పడకముందే తెలిసింది. మలుపు దగ్గర నుంచే బావ ఆటో హారను ఆపకుండా కొట్టుకుంటూ వచ్చాడు. నువ్వు ఏం రాస్తావో కానీ, కొండమ్మ పెద్దమ్మ లెక్క ప్రకారం కలెక్టరు, ప్రొఫెసరు, ఇంకా సగం ఖమ్మం లేచి నిలబడి ఆమెకు దండం పెట్టారు.

ఇప్పుడు నా గెలుపు విను. ఇక్కడ కూడా నిన్ననే తేలింది.

పొద్దున్నే లారీ వచ్చి గేటు ముందు ఆగింది. సరుకు సిద్ధంగా లేదు. డ్రైవరు కేకలు, అవతల ఫోనులో ఖమ్మం వ్యాపారి కేకలు. యజమాని రాసుల మధ్య అటూ ఇటూ తిరిగాడు. చివరికి నా ముందుకొచ్చి, "గా ఇనుప గోళ్లు తొడుక్కోరాదమ్మా?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "తొడుక్కుంటం. పాత రేటే ఇయ్యాలె. ఏళ్లు మావి, గోళ్లు మావి. జల్దీ చేసిన పని కూడ మాదే" అన్నాను. ఆయన అందరి ముఖాలూ చూశాడు. ఒక్కరు తల దించలేదు. అప్పుడు నోట్లో మన్ను అన్నామె నా భుజం పక్కన నిలబడి ఉంది.

"సరె. పాత రేటే" అన్నాడు.

"అందరి ముంగట అనుండ్రి" అన్నాను. నాకా ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో! ఆయన గట్టిగా అన్నాడు. లారీ డ్రైవరు కూడా విన్నాడు. అప్పుడు కొంగులు విప్పి తొడుగులు తీశాం. సాయంత్రానికి లారీ నిండింది. అంత సరుకు మేమెన్నడూ తీయలేదు. అంత కూలి ఎన్నడూ ఇంటికి తేలేదు.

ఈ పొద్దున పక్క షెడ్డు ఆడవాళ్లు మా గుమ్మంలో కూర్చున్నారు, మాకూ కావాలని. మధిర వైపు నుంచి కూడా కబురొచ్చింది. ఎన్ని జతలని మీ ముగ్గురూ చేస్తారు? మీకు పరీక్షలున్నాయి, హైదరాబాద్ ఉంది. అందుకని మా ముఠా అంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం.

వచ్చే శనివారం మేమే భద్రాచలం వస్తున్నాం. బస్సు కిరాయి ఎవరిది వాళ్లమే పెట్టుకుంటాం. రేకు కత్తిరించడం, వంచడం, అంచు రుద్దడం మీ వర్క్‌షాపులో మాకు నేర్పండి. ఇకమీదట మా గోళ్లు మేమే చేసుకుంటాం. ఫోను చేసి అడిగితే మీ సార్ ఒప్పుకున్నాడు. "మొదాలు ఫ్యాను ఇప్పాలె, తెల్సుగా?" అన్నాడు. విప్పుతామన్నాను.

ముందు వరుసలో నాకు చోటు పట్టి ఉంచు.

నీ కొత్త విద్యార్థిని,
ప్రమీల